మెరుగు పెట్టిన తూటా

ముకుందరావు వకీలుకి గురి పోయింది. మొన్నమొన్నటి దాకా వంద గజాల దూరంలో అణా బిళ్ళను కొట్టిన మనిషి ఇప్పుడు బారెడు చెక్కపలకను కూడా తప్పుతున్నాడు. బందూకు భుజానికి ఎత్తగానే చెయ్యి వణుకుతోంది. కన్ను దానంతటదే మూసుకుపోతోంది. కళ్ళజోడు మార్చి చూశాడు. హకీము ఇచ్చిన లేహ్యం నాకాడు. పొద్దున్నే లేచి చన్నీళ్ళ స్నానం చేశాడు. ఒంటికి ఏమైనా జబ్బుంటే కదా మందు పనిచేసేది. చివరికి ఒక సాయంత్రం బందూకు భుజాన వేసుకుని యాకూబ్ ఉస్తాద్ దగ్గరికి బయల్దేరాడు.

యాకూబ్ ఉస్తాద్ ఒకప్పుడు సంస్థానం సిపాయిలకు గురి నేర్పినవాడు. సంస్థానం పోయాక ఊరి బయట, సిపాయిలు గురి నేర్చుకున్న చాంద్‌మారి మైదానం పక్కనే, ఒక పాత ఫకీరు కుటీరంలో చాప పరుచుకున్నాడు. వేట నేర్పమని వచ్చినవాళ్ళకు చాయ్ ఇచ్చి పంపేసేవాడు. ప్రాణం లేని చెక్కపలకను కొట్టడమే సరదా అనుకునేవాళ్ళు కొందరు మాత్రం ఆయన దగ్గర శిష్యులుగా మిగిలారు. వాళ్ళలో ముకుందరావు ఒకడు.

వాళ్ళకు ఆయన నేర్పింది కాల్చడం తక్కువ, తూటా నింపడం ఎక్కువ. కాల్చాక కింద పడిన ఖోకాలనే ఖాళీ ఇత్తడి తొడుగులను ఎవరివి వాళ్ళు ఏరుకోవాలి. అడుగున నిప్పు పుట్టించి పేలిన టోపీని పొడిచి తీసెయ్యాలి. మసి కడిగి, ఎండబెట్టి, కొత్త టోపీ బిగించి, తుపాకిమందు కొలిచి పోసి, పైన సీసం గుండు కూర్చాలి. మందు పోసేటప్పుడు గుమ్మంలోకి ఉస్తాదే వచ్చి సలాం చెప్పినా తలెత్తి జవాబు చెప్పకూడదు. తస్బీ పూసలు తిప్పేటప్పుడు ఎంత నిమ్మళంగా ఉంటాడో, ఖోకా చేతిలోకి తీసుకున్నప్పుడూ ఉస్తాద్ అంత నిమ్మళంగానే ఉండేవాడు.

కడిగిన ఖోకాల్లో దేన్నయినా మళ్ళీ నింపాలంటే ముందు తీగ పెట్టి చూడాల్సిందే. కొన వంచిన సన్నటి ఇనప తీగ అది. దాన్ని లోపలికి దూర్చి అడుగు దగ్గర గోడను మెల్లగా గీరాలి. పదేపదే కాలిన ఇత్తడి అక్కడ సాగి పలచబడుతుంది. పైకి ఏమీ కనిపించదు గాని తీగ కొన గాడిలో తట్టుకుంటుంది. అలా తట్టుకున్నదాన్ని అప్పటికప్పుడు సుత్తితో చితక్కొట్టి అవతల పారెయ్యాలి. అన్నిటికీ పైన ఇంకో మాట ఉండేది. నువ్వు నింపిన తూటా నీ భుజానికే, ఇంకొకరి చేతిలో పెట్టరాదు.

తీగ పెట్టడంలోనూ మందు కొలవడంలోనూ ముకుందరావు అందరిలాంటివాడే. మెరుగు పెట్టడంలో మాత్రం అతనికి సాటి లేదు. చింతపండు పులుసులో నానేసి, మెత్తటి బూడిదతో తోమి, పాత పట్టుపంచె ముక్కతో రుద్ది రుద్ది ఖోకాలను బంగారు కడ్డీల్లా చేసేవాడు. ఇంట్లో దేవుడి గంట నల్లబడి ఉన్నా ఆయన ఖోకాలు మాత్రం తళతళలాడతాయని భార్య దెప్పేది. మైదానంలో వాటిని వరసగా నిలబెట్టి నలుగురూ చూశాకే బందూకులో పెట్టేవాడు. వాటిలో డజను ఖోకాల జత ఒకటి అతనికి ప్రాణం. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే ఎత్తువి, మొదటి బందూకుతో పాటు వచ్చినవి.

వేసవిలో జరిగే గురి పందేనికి ముందు ఆ జతను తోమి తీగ పెట్టి చూశాడు. ఒకదానిలో తీగ తట్టుకుంది. ఇంకోదానిలో తట్టుకున్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. సుత్తి పక్కనే ఉంది. కాని అంత మెరుస్తున్న ఖోకాను చితక్కొట్టడానికి చెయ్యి రాలేదు. పైగా జత విరిగిపోతుంది. వకీలు కదా, అటు వాదనా ఇటు వాదనా తనే వినిపించుకుని, అది గాడి కాదు లోపల మిగిలిన మసి అని తనే తీర్పు చెప్పుకున్నాడు. మిగతావాటితో కలిపి నింపేశాడు. ఏది ఏదో తర్వాత తనకే తెలియలేదు.

పందెం రోజున గౌస్‌కు తూటాలు తక్కువ పడ్డాయి. గౌస్ గంజ్ బజారులో గడియారాలు బాగుచేసేవాడు, ఉస్తాద్ శిష్యుడే. వాళ్ళ నాన్న సిపాయిగా ఉన్ననాటి బందూకు ఒక్కటే అతనికున్న ఆస్తి. ఇద్దరి బందూకులూ ఒకే కొలతవి. నలుగురిలో దొరతనం చూపించడానికి ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది? ముకుందరావు గుప్పెడు తూటాలు తీసి గౌస్ సంచిలో పోశాడు. ఉస్తాద్ అటు తిరిగి ఉండడం చూసే పోశాడు.

గౌస్ వాటితో రెండోసారి కాల్చినప్పుడు లోపల ఖోకా చిట్లింది. నిప్పులాంటి గాలి, ఇత్తడి తునకలు వెనక్కి తన్నాయి. గౌస్ కుడికన్ను పోయింది. ముళ్ళకంటే సన్నటి చక్రాలను అద్దం పెట్టి చూసుకునే కన్ను అది.

పాత బందూకు, తుప్పు పట్టి ఉంటుంది, అలాంటిది మైదానంలోకి తేవడమే తప్పు అని అందరూ అన్నారు. ముకుందరావు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆస్పత్రికి బత్తాయిలు తీసుకెళ్ళాడు. గౌస్ అతని చెయ్యి పట్టుకుని, నా నసీబు వకీల్ సాబ్, నాన్న బందూకు ముసలిదైపోయింది అన్నాడు. తూటాల మాట ఎత్తలేదు. ముకుందరావు, అవును గౌస్ భాయ్, ముసలిదైంది అన్నాడు. ఆ 'అవును' అతని గొంతులోంచి వచ్చిన దగ్గర్నుంచే చెయ్యి వణకడం మొదలైంది. ఈ సంగతి అతను హకీముకు చెప్పలేదు.

ఇప్పుడు గౌస్ ఆ బందూకును కమ్మరికి ఇచ్చేస్తున్నాడు. మనిషిని మింగిన ఇనుము ఇంట్లో ఉండకూడదని వాళ్ళ అమ్మ పట్టుబట్టింది. రేపు జుమ్మా నమాజు కాగానే గొట్టం ముక్కలు చేయించి కొడవళ్ళు కొట్టించాలని మాట అయిపోయింది. ఊరంతా తెలిసినట్టే ముకుందరావుకీ తెలుసు.

ఉస్తాద్ అతని గోడు మొత్తం విన్నాడు. వణుకు గురించి, కన్ను మూసుకుపోవడం గురించి, లేహ్యం గురించి. తస్బీ పక్కన పెట్టి, బందూకు ఇటు తెమ్మన్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

"కొత్తదే గదా?"

"నిరుడు కొన్నాను ఉస్తాద్."

"ఏం లోపం లేదు గదా?"

"ఏమీ లేదు."

ఉస్తాద్ లోపలికి వెళ్ళి ఒక గుడ్డసంచి తెచ్చాడు. అది గౌస్ సంచి. ఆరోజు గౌస్‌ను ఎత్తుకెళ్ళే హడావిడిలో మైదానంలో పడిపోతే ఉస్తాద్ తీసి దాచాడు. అందులోంచి ఒక తూటా తీశాడు. పొద్దు వాలే వెలుగులో అది ధగధగా మెరిసింది. అంత మెరుగు ఊళ్ళో ఇంకెవరు పెడతారు? ముకుందరావు చెయ్యి తనకు తెలియకుండానే తన జేబును తడుముకుంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో కోర్టులో ఎన్నిసార్లు చూసి నవ్వాడో, అదే ఇప్పుడు తను చేశాడు.

ఉస్తాద్ ఆ తూటాను బందూకులో పెట్టి గడియ బిగించాడు. చాప మీద కూర్చునే చెక్కకు చెంప ఆనించాడు. కుడికన్ను గడియకు జానెడు దూరంలో ఉంది.

"గౌస్ బందూకు ముసలిది, అందుకే పగిలిందన్నరు. నువ్వూ అన్నవు. ఇది కొత్తది" అన్నాడు. వేలు మీట మీదికి పోయింది.

ఇది మంచిదే కావచ్చు అనుకున్నాడు ముకుందరావు. జతలో అన్నిటికీ తీగ తట్టుకోలేదు కదా. ఒకటి ఆరోజే పోయింది. ఇక మిగిలింది ఒకటి, అదీ అనుమానమే. మనసులో వకీలు లేచి నిలబడి బ్రహ్మాండంగా వాదిస్తున్నాడు. ఎదురుగా ఉస్తాద్ ముసలి చెంప, నెరిసిన కనుబొమ్మ, దాని కింద తెరిచి ఉన్న కన్ను. మీట కొంచెం కదిలింది.

ముకుందరావు ముందుకు పడి గడియ మీద తన అరచెయ్యి కప్పేశాడు.

"వద్దు ఉస్తాద్."

ఉస్తాద్ మీట మీది వేలు తీసేశాడు. అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఎకసెక్కం లేదు. ఉంటే బాగుండేదని ముకుందరావుకు అనిపించింది.

"నా కన్ను మీద నీకు ఇంత దయ ఉన్నదా, బేటా."

ముకుందరావు మొహం చేతుల్లో దాచుకున్నాడు. అన్నీ చెప్పేశాడు. తీగ తట్టుకోవడం, సుత్తి ఎత్తలేకపోవడం, ఉస్తాద్ అటు తిరిగి ఉండగా గౌస్ సంచిలో పొయ్యడం, చివరికి ఆ 'అవును' కూడా. గౌస్‌కు అంతా తెలిసి కూడా తన పరువు కాపాడాడేమో అన్న అనుమానమూ చెప్పాడు. ఏ మొహం పెట్టుకుని అతని ముందు నిలబడను అని అడిగాడు.

ఉస్తాద్ బందూకు గడియ తీశాడు. తూటా బయటికి తీశాడు. పటకారుతో గుండు ఊడదీసి, మందంతా మట్టిలో పోసేశాడు. టోపీ పేలకుండా లోపలికి రెండు చుక్కల నూనె వదిలి, కాసేపు ఉంచి వంచేశాడు. ఖాళీ ఖోకాను తన కుర్తా అంచుతో తుడిచాడు. తీగ పెట్టి చూస్తాడేమో అనుకున్నాడు ముకుందరావు. ఉస్తాద్ చూడలేదు. ఖోకానూ కొన వంచిన తీగనూ కలిపి అతని చేతిలో పెట్టాడు.

"గౌస్‌కు ఇయ్యి" అన్నాడు.

ముకుందరావు లేచాడు. బందూకు అక్కడే చాప మీద ఉండిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. బయట మసక కమ్ముతోంది. గంజ్ దాకా నడిచేసరికి చీకటి పడిపోతుంది. గాడి ఎంత సన్నగా ఉంటుందో అతనికి తెలుసు.

"రేపు పొద్దున్నే వెళ్తాను ఉస్తాద్. పాపం, వెలుతురులో అయితే అతనికి..."

మాట పూర్తి కాలేదు. ఉస్తాద్ అప్పటికే తస్బీ చేతిలోకి తీసుకున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"దీనికి వెలుతురు అక్కర్లేదు. కన్ను కూడా అక్కర్లేదు. తీగ పట్టిన వేలికి తెలుస్తది."