జెర్రిపోతుగారికి చేసిన మర్యాద

"ఊరందరి బుర్రలూ కలిపి తూచినా మన ముగ్గురి బుర్రలకి సరిరావు!" వీర్రాఘవులు, అతని భార్య బంగారమ్మ, తమ్ముడు కోటిలింగం రోజూ భోజనాలయ్యాక ఒకళ్ళనొకళ్ళు ఇలా మెచ్చుకునేవాళ్ళు.

అన్ని బుర్రలుండీ ఏం లాభం? గాదెలో విత్తనాల వడ్లని ఎలకలు బొక్కేస్తున్నాయి. తొలకరి పడితే నారు పోయాలి. అవి పోతే ఆ ఏడు పంటే లేదు. వీర్రాఘవులికి ముద్ద దిగడం లేదు.

ఓ పొద్దున ఏడడుగుల జెర్రిపోతొకటి గాదె కిందికొచ్చింది. కోటిలింగం కర్రెత్తాడు.

"ఆగరా!" పక్కింటి పేరయ్య బాబాయి గోడ మీంచి అరిచాడు. "దానికి విషం లేదు. ఎలకల్ని తింటుంది, ఎలక బొరియల్లోనే కాపురముంటుంది. ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకోండి, మీ వడ్లు దక్కుతాయి."

అంతే! వీర్రాఘవులు చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"కాళ్ళు కడుక్కోమందామంటే కాళ్ళేవే?"

"పొట్ట కిందెక్కడో ఉంటాయి. మొత్తం తడిపెయ్యండి" అంది బంగారమ్మ.

ఇంకేముంది, తలనుంచి తోకదాకా తడిపేశారు. విస్తరేసి ముద్దపప్పు, నెయ్యి వడ్డించారు. చుట్టం ముట్టలేదు.

"మొహమాటం పాపం!"

ఇంతలో ఓ ఎలక గాదెలోంచి దూకింది. జెర్రిపోతు లటుక్కున పట్టేసింది.

"అయ్యయ్యో, అన్నయ్యగారూ! చుట్టం చేత పని చేయిస్తే నలుగురూ నవ్వరూ? మీరు నడుం వాల్చండి!" అని వీర్రాఘవులు లబోదిబోమన్నాడు. కోటిలింగం ఎలకని లాగి మళ్ళీ గాదెలో వదిలాడు. వేలు మీద ఓ కాటు పడింది.

"విషం లేదన్నారుగా వదినా, ఏదో చనువుకొద్దీ కొరికారు!"

మూడ్రోజులు ఇదే మర్యాద. నాలుగో రోజు చూస్తే పాము లేదు, కుబుసం ఉంది.

"చొక్కా విప్పేసి వెళ్ళిపోయారండీ! ఏం లోటు చేశామని?" బంగారమ్మ ముక్కు చీదింది.

గాదెలోకి తొంగిచూస్తే అడుగున కుంచెడు వడ్లు. జెర్రిపోతుగారు తిరిగొస్తేనే పంట! వీర్రాఘవులు ఆలోచించాడు. వెలిగింది.

"ఒట్టి చేతుల్తో పంపేశాం, అలిగారు. సారె పెట్టి పిలుచుకొద్దాం."

"ఇల్లెక్కడో?"

"ఎలక బొరియలోనని బాబాయి చెప్పలేదూ!"

కుబుసం మడతపెట్టారు. ఉన్న వడ్లన్నీ గింజ మిగల్చకుండా మూటగట్టారు. పెరటిగట్టు మీద అన్నిటికంటే పెద్ద బొరియ ముందు వడ్లు కుప్ప పోసి, ముగ్గురూ దణ్ణం పెట్టుకుని నిలబడ్డారు.

లోపల్నుంచి ఎలకలు బిలబిలా బయటికొచ్చాయి.

వీర్రాఘవులు కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావుటే! అలకంతా తీరిపోయింది. సారె అందుకోడానికి పిల్లల్ని పంపారు!"