బుడ్డయ్యకు పోసిన నీళ్లు

ఉప్పుమడుల్లో పనిచేసే బుడ్డయ్య తెల్లవారుజామున చనిపోయాడు. ఎండెక్కేసరికి అతని కూతురు లేయమ్మ వచ్చి చర్చి మెట్ల మీద కూర్చుంది. ఆమె అడిగింది ఒక్కటే. నాయన్ని అమ్మ పక్కన పెట్టాలి.

అది చిన్న పాస్టరు జయశీలం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. లేయమ్మ తల్లి మార్తమ్మ బాప్తిస్మం తీసుకున్న మనిషి, రెండేళ్లుగా చర్చి సమాధుల తోటలో ఉంది. బుడ్డయ్యకు బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం కానివాళ్లకు ఆ తోటలో చోటు లేదని సంఘం ఎప్పుడో తీర్మానం చేసుకుంది.

బుడ్డయ్యకు బాప్తిస్మం కాకపోవడానికి కారణం జయశీలమే.

అతను పోయిన ఏడాదే చదువు ముగించుకుని, పెద్ద పాస్టరు నతానియేలు గారికి సాయంగా వచ్చాడు. కుర్రాడు మంచివాడే. కాకపోతే ఏ ప్రశ్నకైనా సరైన జవాబు ఒక్కటే ఉంటుందని, అది తనకు తెలుసునని నమ్మకం. పెద్దాయనకు చూపు తగ్గడంతో బాప్తిస్మానికి వచ్చేవాళ్లను పరీక్షించే పని అతని చేతికొచ్చింది.

“బాప్తిస్మం ఎందుకు తాతా?” అని బుడ్డయ్యను అడిగాడు.

“మా ఆడమనిషి ఏ దేవుడి కాడికి పోయిందో నేనూ ఆ దేవుడి కాడికే పోవాలయ్యా. దాని పక్కన పడుకోవాల.”

చెప్పాల్సిన జవాబు అది కాదు. నా పాపాలు ప్రభువు క్షమించాడు గనుక అనాలి. మిగతావాళ్లు ఆ ముక్క బట్టీపట్టి, గడగడా అప్పజెప్పి బాప్తిస్మానికి కాలవలో దిగారు. బుడ్డయ్య కూడా “అట్టాగేనయ్యా” అని తలాడించి వెళ్లేవాడు. మరుసటి నెల వచ్చి మళ్లీ మార్తమ్మ సంగతే చెప్పేవాడు.

మూడోసారి జయశీలానికి విసుగొచ్చింది. “ఆరడుగుల నేల కోసం బాప్తిస్మం ఇవ్వరు తాతా. మనసు సిద్ధపడ్డాక రా” అన్నాడు.

“తప్పయితే మన్నించయ్యా” అని ముసలాయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన మన్నించమని అడగాల్సిన అవసరమేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ సాయంత్రం నతానియేలు గారు, “ఉప్పుమడుల ముసలాయన ఈసారైనా జాబితాలో ఉన్నాడా?” అని అడిగారు. “ఇంకా సిద్ధపడలేదు అయ్యగారూ” అన్నాడు జయశీలం. పెద్దాయన ఊఁ కొట్టి ఊరుకున్నారు.

ఇప్పుడు జయశీలం ఆయన ముందు నిలబడి ఉన్నాడు. బుడ్డయ్య వచ్చిన మూడుసార్లూ ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు.

“చోటిస్తే సంఘం ఊరుకోదు అయ్యగారూ. ఇవ్వకపోతే ఆ పిల్ల మొహం నేను చూడలేను. పోనీ, ఇప్పుడైనా మనం వెళ్లి ఆయన మీద నాలుగు నీళ్లు...”

నతానియేలు గారు చేతికర్ర అందుకుని లేచారు. “పద, స్నానం చేయించే వేళయింది” అన్నారు.

బుడ్డయ్యకు కొడుకుల్లేరు. ఇంటి ముందు బల్ల మీద శవాన్ని పడుకోబెట్టి, ఎవరు నీళ్లు పోయాలా అని మగవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచి బల్ల పక్కన కూర్చున్నారు. చెంబు జయశీలం చేతికిచ్చారు.

జయశీలం పోస్తుంటే ఆయన రుద్దారు. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానిన అరికాళ్లు బీటలువారి, చెక్కలా గట్టిపడి ఉన్నాయి. చూపు ఆనక, ఆ బీటల్ని వేళ్లతో తడుముకుంటూ ఒక్కొక్కటే కడిగారు.

“ఏ పేరు పెట్టుకుంటానన్నాడు?” అని అడిగారు.

బాప్తిస్మంలో కొత్త పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ సంగతి జయశీలం ఏనాడూ అడగలేదు.

గడపలో నిలబడ్డ లేయమ్మ చెప్పింది. “పేరు మార్చొద్దన్నాడు అయ్యగారూ. అయ్యగార్ని బతిమాలుకుంటానన్నాడు. మారిస్తే పైన అమ్మ వెతుక్కోలేదంట.”

చెంబు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. జయశీలానికి ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దాయన ఓదార్చలేదు.

“పొయ్యి నాయనా. ఇంకా తల తడవలేదు.”

పోశాడు. స్నానం అయ్యాక పెద్దాయన తన పైపంచెతోనే బుడ్డయ్య మొహం తుడిచి, తడిసిన జుట్టు వెనక్కి దువ్వారు. జయశీలం చెయ్యి ఆసరాగా పట్టుకుని కష్టం మీద లేచారు.

“వెళ్లి తవ్వమని చెప్పు. మార్తమ్మ పక్కన.”

జయశీలం నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు.

“రేపు సంఘం అడుగుతుంది అయ్యగారూ. బాప్తిస్మం లేని మనిషిని ఎందుకు పెట్టారంటే ఏం చెప్పను?”

“ఆయన మూడుసార్లు వచ్చాడని చెప్పు” అన్నారు నతానియేలు గారు. “మనమే ఆలస్యం చేశామని చెప్పు.”