పాదులవలస మట్టిచేతులమ్మ గోడ

పాదులవలస చిన్న ఊరు. బస్సు దిగిన చోటు నుండి జీడితోటల మధ్యగా మైలు దూరం నడవాలి. ఊరి తూర్పు వీధి చివర పెంకుల పందిరి కింద నాలుగు బారల పొడవున్న మట్టిగోడ ఒకటి ఉంది. అదే అమ్మవారు. గోడ వెనక గుడి గాని, లోపల విగ్రహం గాని లేవు. కొత్తగా వచ్చిన భక్తులు కొబ్బరికాయ చేతిలో పట్టుకుని, ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి మమ్మల్ని అడుగుతారు. గోడకే పెట్టండి అని చెబుతాము. కొందరు నమ్మరు. ఎదురుగా ఉన్న నూతికి కూడా ఒక దండం పెట్టి వెళతారు. అందులో తప్పేమీ లేదు.

ఈ అమ్మవారు ఎవరి అంశ అనే విషయంలో పెద్దలు ఒక మాట మీద లేరు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం పాపం కనుక తెలిసినంతే రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ రాళ్ళవలస అనే పల్లె ఉండేది. ఇప్పుడు గోడ ఉన్న చోట ఒక ఉమ్మడి ఇంటి పెరడు ఉండేది. అన్నదమ్ములు విడిపోయినప్పుడు పెరటిని రెండు చేసి మధ్యలో ముళ్ళకంచె వేశారు. ఒక వైపు పెద్దకోడలు తవుడమ్మ, మరొక వైపు చిన్నకోడలు అసిరమ్మ. పెరటి వెనక గోడ మాత్రం ఒక్కటే. దాని మీద సున్నంతో నిలువుగా గీత గీసి, సగం నీది, సగం నాది అనుకున్నారు.

ఆ రోజుల్లో ఈ ప్రాంతపు ఆడవాళ్ళు విత్తనాలను పేడలో కలిపి, పిడకలుగా గోడకు కొట్టి ఎండబెట్టేవారు. అలా చేస్తే పురుగు పట్టదు. చైత్రమాసంలో ఆ పిడకను తీసి పాదులో పెట్టి నీళ్ళు పోస్తే మొలక వస్తుంది. వంటచెరకుకు కొట్టిన వట్టి పిడకలు కూడా అదే గోడ మీద ఉండేవి. ఏది విత్తనాల పిడకో, ఏది వట్టి పిడకో, ఏ పిడకలో ఏ గింజ ఉందో కొట్టిన చేతికే తెలియాలి.

తవుడమ్మ పెరడు ఊళ్ళోకెల్లా పచ్చనిది. బీర, పొట్ల, చిక్కుడు, గోంగూర, గట్టు పొడుగునా బంతి, చంద్రకాంత. వీటన్నిటికంటే ఆమెకు తన తల్లి ఇచ్చిన బూడిదగుమ్మడి ప్రాణం. తల్లి పోయింది. పుట్టింటి నుండి మిగిలింది ఆ విత్తనం ఒక్కటే. కష్టపడే మనిషే గాని ఆమెలో ఒక దోషం ఉంది. విత్తనం ఒకరికి ఇస్తే తన పాదుకు కాపు పోతుందని నమ్మేది. ఒకసారి అసిరమ్మ రెండు బీరగింజలు అడిగితే లేదు పొమ్మంది. అప్పటి నుండి ఆరేళ్ళు ఆ తోడికోడళ్ళకు మాటల్లేవు.

తవుడమ్మ కొడుకు సన్యాసికి సముద్రం ఒడ్డు ఊరి నుండి కొండమ్మ అనే పిల్లను చేశారు. ఆ ఊళ్ళో విత్తనాలను ఎండిన సొరబుర్రలో బూడిద కలిపి దాస్తారు. గోడ మీద పిడక అంటే పొయ్యిలోకే అని కొండమ్మకు ఎరుక. ఆమె కాపురానికి వచ్చిన ఏడు ఫాల్గుణంలో, తోడికోడళ్ళిద్దరూ ఎవరి దారిన వారు సంతకు వెళ్ళిన రోజున, ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. పొయ్యిలోకి తడి పిడకలు పనికిరావని కొండమ్మ పరుగున వెళ్ళి గోడ మీదివన్నీ ఊడదీసింది. సున్నపు గీత అప్పటికే వానలకు చెరిగిపోయింది. చినమామ ఇంటివి కూడా తడవకుండా ఉంటాయని అవీ తీసింది. అన్నీ పశువుల పాకలో ఒకే గుట్టగా పోసి, అత్త మెచ్చుకుంటుందని గుమ్మంలో కూర్చుంది.

వాన పడనే లేదు. మబ్బు అలా వచ్చి అలా పోయింది.

సంత నుండి వచ్చిన తవుడమ్మ బోడిగోడను చూసి నెత్తి మీద గంపను దించడం కూడా మరిచిపోయింది.

"ఇయ్యన్నీ ఏటయ్యాయే?"

"పాకలో పెట్టేను అత్తా. ఒక్కటీ తడవలేదు."

"ఏది ఎక్కడిదో గురుతు పెట్టేవా?"

"పిడకలకి గురుతేటత్తా?"

తవుడమ్మ అప్పుడు అరవలేదు. చాలా నెమ్మదిగా ఒక మాట అంది. "వైశాఖం ఎల్లేలోగా మా అమ్మ గుమ్మడి మొలక నా కళ్ళకి కనపడాల. లేదా, నువ్వు మీ ఊరెల్లిపో." సన్యాసి అక్కడే ఉన్నాడు. తల్లికి ఎదురు చెప్పే నోరు అతనికి లేదు. కొండమ్మకు తండ్రి లేడు. పుట్టింట్లో ఉన్నది ఒక్క తల్లి, ఇద్దరు పెళ్ళికాని చెల్లెళ్ళు. తిరిగి వెళితే వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఆగిపోతాయి.

గుట్టను వేరు చేయడానికి చేయని ప్రయత్నం లేదు. కొండమ్మ ఒక్కొక్క పిడకను చెవి దగ్గర పెట్టి ఊపింది, చప్పుడు లేదు. వాసన చూసింది, అన్నిటికీ ఒకటే వాసన. విరిచి చూద్దామంటే గింజకు గాలి తగిలి పాడవుతుందని తవుడమ్మ ఒప్పుకోలేదు. చివరికి, తన చేతి అచ్చు తనకు తెలియదా అని తవుడమ్మ పిడకల మీద ఉన్న వేళ్ళ గుర్తులలో తన చెయ్యి పెట్టి చూడసాగింది. సంగతి తెలిసి అసిరమ్మ కంచె దాటి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత వాళ్ళు ఆడిన మొదటి మాటలు ఇవి (మా వైపు అక్కను అప్ప అంటారు).

"అది నాది" అంది అసిరమ్మ.

"నా చెయ్యి సరీగ్గా పడతంది, నీదెలగయ్యింది?"

"ఏదీ, ఇలగియ్యి. ఇదిగో, నాకూ పడింది."

"నీ చెయ్యి నా చెయ్యిలాగే ఉంటే నానేటి సేతును?"

"నా చెయ్యే నీ చెయ్యిలాగుందా? నీదే నా చెయ్యిలాగుందేమో సూసుకో అప్పా."

గుట్టంతా అయ్యేసరికి పొద్దు వాలింది. ప్రతి పిడకా ఇద్దరి చేతికీ సరిపోయింది. ఒకే ఇంటికి వచ్చి ఒకే విధంగా చాకిరి చేసిన ఇద్దరి అరచేతులకు తేడా ఎక్కడ ఉంటుంది? అయినా ఆ రోజు వాళ్ళకు ఆ ఆలోచన రాలేదు. విసుగొచ్చి ఎవరింటికి వారు పోయారు.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కునుకు తీస్తున్న తవుడమ్మకు కలలో ఒక ముసలామె కనిపించింది. మోచేతుల దాకా మట్టి. ముఖం గుర్తుపట్టేలా లేదు. "నీది నీ పెరట్లో నాటకు. దానిది దాని పెరట్లో నాటనియ్యకు. నీళ్ళు మాత్రం మానకండి" అని చెప్పి, చేతులు కడుక్కోకుండానే వెళ్ళిపోయింది.

తవుడమ్మకు ఏమీ పాలుపోలేదు. ఏది నాదో తెలిస్తే కదా నాటకుండా ఉండడానికి? దేవత చెప్పిందా, దెయ్యం చెప్పిందా? ఊరిపెద్ద పోలినాయుడిని అడిగింది. ఆయన మొదట అన్నీ ఏట్లో కలిపేయమన్నాడు. కాసేపు ఆలోచించి, వద్దు, మూడో మనిషి చేత నాటించమన్నాడు. మళ్ళీ ఆలోచించి, "మధ్యాహ్నం ఏటి తిన్నావు?" అని అడిగాడు. పనసతొనలని ఆమె చెప్పింది. "అయితే పనసతొనలే" అని లేచి వెళ్ళిపోయాడు.

కలలోని మాట విని కొండమ్మ భయపడుతూనే చెప్పింది. "అత్తా, మనం చినత్త పెరట్లో నాటి, చినత్త మన పెరట్లో నాటితే సరిపోద్దేమో."

"అలగైతే మాత్రం నాది నా పెరట్లోకి రాదని ఏటి నమ్మకం? దాని చేత్తోనే రావచ్చు గదా?"

"తెలీదత్తా. అంతకన్నా నాకూ తోచలేదు."

నిజానికి అది కల మాటకు పూర్తిగా సరిపోదు. ఈ సంగతి మీద ఈనాటికీ ఊళ్ళో వాదన ఉంది. కాని చైత్రం వచ్చేసింది, నేలలో పదును ఆరిపోతోంది. అంతా అర్థమయ్యాకే చేస్తానని కూర్చున్న మనిషికి ఆ ఏడు కూర ఉండదు. తన విత్తనాలూ ఆ గుట్టలోనే ఉన్నాయి కనుక అసిరమ్మ ఒప్పుకుంది. గుట్టను రెండు చేసి, కంచె ఒక చోట తొలగించి ఆమె ఇటు వచ్చింది, అత్తాకోడళ్ళు అటు వెళ్ళారు. నాటిన చేతికి కాదు, పాదు ఎవరిదైతే వారికే కాపు అని ఒప్పందం చేసుకున్నారు. పాదులన్నీ నిండాక ఒక పిడక మిగిలింది. కొండమ్మ దానిని కంచె మొదట్లో, ఎవరిదీ కాని చోట పాతిపెట్టింది.

మొలకలు వచ్చాయి. అయోమయం తగ్గలేదు, పెరిగింది. బీర అనుకున్నది పొట్ల అయింది. గోంగూర మడిలో బంతి లేచింది. వంకాయ అని నలుగురికీ చెప్పిన మొక్క ఉమ్మెత్తగా తేలింది. పాదులలో సగం ఏమీ మొలవలేదు, అవి వట్టి పిడకలు. మొలవని పాదులకు నీళ్ళు మానేద్దామని అందరికీ ఉంది గాని, కలలో మానవద్దన్న మాట తవుడమ్మను ఆపింది. కొన్నాళ్ళకు ఆమె కూడా మానేసింది. కొండమ్మ మాత్రం కంచె మొదట్లో తన పాదుకు రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది.

ఒకరోజు అసిరమ్మ చూసి నవ్వింది. "ఒలే, అందులో ఏటీ లేదు. వట్టి పిడకది. నెలైంది."

"లేదని నాకెలా తెలుస్తాది చినత్తా? ఉన్నదేటో కూడా తెలీకుండానే పెట్టేను గదా."

"నిన్ను పంపించేత్తారట గదా. పోయేదానివి, నీకెందుకు ఈ చాకిరీ?"

"ఉన్నన్నాళ్ళు నీళ్ళు నావే గదా."

అసిరమ్మ నవ్వు ఆగిపోయింది.

వైశాఖం చివరి వారంలో తవుడమ్మ కంచె దగ్గర నిలబడిపోయింది. అసిరమ్మ పెరట్లో, తాను నాటిన పాదులోనే, నూగు పట్టిన వెడల్పాటి ఆకులతో ఒక తీగ పందిరి ఎక్కుతోంది. అది ఆమె తల్లి గుమ్మడి. చూసి ఆనందపడాలో, ఏడవాలో ఆమెకు తెలియలేదు. విత్తనం తనది, నాటిన చెయ్యి తనది, పాదు మాత్రం తనది కాదు. మొలక కళ్ళకు కనపడింది, కనుక కోడలు ఉండాలా? అది తన పెరట్లో లేదు, కనుక వెళ్ళాలా? తాను అన్న మాటకు అర్థం తనకే తెలియలేదు.

"ఏటప్పా, కంచె కాడ నిలబడ్డావు? మేక దూరిందా?" అంది అసిరమ్మ.

"అది మా అమ్మది."

"కావచ్చు. పాదు నాది."

తవుడమ్మ తన జీవితంలో ఎన్నడూ ఎవరినీ విత్తనం అడగలేదు. అడిగినవాళ్ళకు ఇవ్వలేదు. "నాలుగు గింజలియ్యి, చెల్లీ" అంది చివరికి.

"బీరగింజలు అడిగిన్నాడు నేనూ ఇలగే నిలబడ్డాను."

"కాపు పోద్దనుకున్నాను. తప్పే."

అసిరమ్మ తీగ కొసను పందిరి మీదికి సర్దింది. "ఇత్తాను. కాని నీ చేతికియ్యను. నీ కోడలి చేతికిత్తాను. కాయ పండాల, గింజ ముదరాల, ఎండాల. ఆశ్వయుజం దాటిపోద్ది. అప్పటికి ఆ పిల్ల ఇంట్లో ఉంటే వచ్చి తీసుకెల్తాది. లేదంటే ఈ గింజ నాకొచ్చే కోడళ్ళకే."

తవుడమ్మ ఇంటికి వచ్చి, మూట కట్టుకుంటున్న కొండమ్మను చూసింది. "అదక్కడ పెట్టేసి నీళ్ళు తే. ఆ కంచె మొదట్లో పాదు ఆరిపోయింది" అంది. వెళ్ళిపొమ్మన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఆశ్వయుజం దాటాక గింజలు కొండమ్మ చేతికి వచ్చాయి. ఆ ఏడు ముగ్గురూ కలిసి గీత లేని గోడకు పిడకలు కొట్టారు. ఎండాక చూస్తే ఒక పిడక మీద ఉన్న చేతి గుర్తు ముగ్గురిలో ఎవరికీ సరిపోలేదు. ఊరి ఆడవాళ్ళందరూ వచ్చి చెయ్యి పెట్టి చూశారు. ఎవరికీ పడలేదు. దానిని తీయకుండా పసుపు పూసి గోడ మీదే ఉంచారు. అదే మట్టిచేతులమ్మ. ఒకరి పెరట్లో ఒకరు పాదులు తవ్వడం ఊరంతటికీ అలవాటయ్యాక రాళ్ళవలస పేరు పోయి పాదులవలస అయింది.

ఈనాటికీ ఫాల్గుణంలో ఆడవారు, మగవారు తమ ఇంటి విత్తనాలను పేడలో కలిపి ఈ గోడకు కొడతారు. కొందరు వట్టి పిడకలు కూడా కొడతారు, అదీ ఆచారమే. ఉగాది తర్వాత మొదటి ఆదివారం నాడు పూజారి తన చేతికి అందిన పిడకను తీసి భక్తులకు ఇస్తాడు. ఇది ఎవరిది, ఇందులో ఏముంది అని అడగరాదు. ఇంటికి తీసుకువెళ్ళి, పెరడు లేనివారు కుండీలోనైనా పెట్టి, నలభై రోజులు తప్పకుండా నీళ్ళు పోయాలి. కాచిన మొదటి కాయను, పూసిన మొదటి పువ్వును పొరుగింటికి ఇవ్వాలి. పిడకను విరిచి చూసి నాటేవారు ఇక్కడికి రానవసరం లేదు.

ఇలా చేసినవారి ఇంట తోడికోడళ్ళ మధ్య మాట పోదని, కొత్తకోడలికి నిలకడ కలుగుతుందని, పెరడు ఎండదని పెద్దల అనుభవం. జ్యేష్ఠంలో జరిగే అమ్మవారి పండుగకు భక్తులు తమ పెరటి కాయలు, పూలు తెస్తారు. కంచె మొదట్లో కొండమ్మ పాదులో లాగే, నలభై రోజులు నీళ్ళు పోసినా ఏమీ మొలవనివారు ఆ పాదులోని మట్టిని గుప్పెడు తెస్తారు. పూజారి మొదటి ప్రసాదం ఆ మట్టి తెచ్చిన చేతిలోనే పెడతాడు. కాయలు తెచ్చినవారు వారి వెనక వరుసలో నిలబడాలి.