'హీ' కొట్టాడు, 'హిమ్' తిన్నాడు

పేరెందుకు గానీ, ఒకానొక జమీకి చెంచురామయ్యగారు దివాను. అంత జమీలోనూ ఇంగ్లీషు వచ్చింది తనకొక్కడికేనని ఆయన గర్వం. తగవులు తీర్చే తెల్లదొరగారి కచేరీలో పంకా లాగే గంగులుకి మాత్రం పన్నెండేళ్లుగా ఆ భాష చెవిన పడుతూనే ఉంది.

ఒకరోజు కచేరీలో దొర లేనప్పుడు పంకా ఆగిందని దివాను గంగులు వీపు మీద బెత్తం విరిగేలా కొట్టాడు. వాడెక్కడ ఫిర్యాదు చేస్తాడోనని, వాడే తనను కొట్టాడంటూ ముందే దొరకి ఇంగ్లీషులో అర్జీ పెట్టాడు. రుజువైతే ఆరు నెలల ఖైదు.

దొర కచేరీలో అర్జీ పైకి చదివి నొసలు చిట్లించాడు. "హిమ్ బీట్ ఐ."

గంగులు చేతులు కట్టుకున్నాడు. "దొరా, తమరెప్పుడూ కొట్టినవాణ్ణి 'హీ' అంటారు, దెబ్బలు తిన్నవాణ్ణి 'హిమ్' అంటారు. తమరే చేసిన పనైతే 'ఐ' అంటారు. దివానుగారు నన్ను 'హిమ్' అని, తనను 'ఐ' అని రాశారు. అంటే, అతన్ని కొట్టాను నేను అనే కదా?"

"నోర్ముయ్ రా! నా ఇంగ్లీషు నీకేం తెలుసు?" అని దివాను గద్దించాడు.

"నాకేం తెలుసు బాబూ! ఇంగ్లీషు తప్పు రాశానని తమరొక్క మాట అనండి. మారుమాట్లాడకుండా ఖైదుకి పోతాను."

గుమాస్తాలంతా కలాలు ఆపి దివాను వైపు చూశారు. ఆయన తలపాగా సర్దుకున్నాడు. "నా ఇంగ్లీషులో తప్పా? రాసింది రాసినట్టే సరి!"

"అయితే కొట్టింది మీరే" అన్నాడు దొర.

ఆరు నెలల ఖైదు దివానుగారికే పడింది. ఆయన ఇంగ్లీషుకి మాత్రం మచ్చ పడలేదు.