మే ఒకటిన గడప దాటిన నిప్పు

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదులే బంగారూ. 1849లో, మే నెల ఒకటో తారీకున, ఐర్లండు అనే దేశంలో, ఊనా అనే పదిహేడేళ్ళ పిల్లకి అన్యాయం జరిగింది.

ఊనా అమ్మానాన్నలు కరువులో పోయారు. కౌలు కట్టలేదని భూస్వామి మనుషులొచ్చి ఇంటికప్పు పీకేశారు. పీకితే పీకారు, పొయ్యిలో బిందెడు నీళ్ళు కూడా కుమ్మరించారు! ముత్తవ్వ నాటి నుంచీ ఆరని పొయ్యి అది. రోజూ పడుకునేముందు నిప్పుల మీద నివురు కప్పేవాళ్ళు, పొద్దున్నే ఊది రాజేసేవాళ్ళు. అంతమంది మగాళ్ళకీ ప్రతాపం చూపించడానికి ఆ పొయ్యే దొరికింది.

అప్పుడు ఊనా పక్కింటి పెగ్ అవ్వ దగ్గరికి పరిగెత్తింది.

"అవ్వా, రెండు నిప్పుకణికలు పెట్టవే. తమ్ముడూ నేనూ ఎక్కడ తలదాచుకుంటే అక్కడ రాజేసుకుంటాం."

"ఇవాళ మే ఒకటి కదే తల్లీ! ఇవాళ గడప దాటి నిప్పు ఇస్తే ఇంటి భాగ్యం దాని వెంటే పోతుంది" అంది అవ్వ, తలుపు తీయకుండానే. వాళ్ళ ఆచారం అది.

"మొన్న చలికాలం నీ పొయ్యి ఆరితే నా చేత్తో తెచ్చిచ్చిన నిప్పే కదవ్వా అది! సరే, నీ భాగ్యానికి గొళ్ళెం పెట్టుకో" అని ఊనా వెనక్కి తిరిగింది. తమ్ముడు మాలకీతో ఉత్తచేతులతో ఓడెక్కింది.

ఆ తర్వాత నెలల తరబడి సముద్రం. దిగింది అర్జెంటీనాలో. కనుచూపుమేర గడ్డే, ఒక్క చెట్టు లేదు. ఇద్దరూ గొర్రెలు కాశారు, మట్టిగోడలు లేపారు, వాననీళ్ళు రాకుండా చుట్టూ కాలవ తవ్వారు. చెకుముకి కొట్టి, పిడకలతో పొయ్యి రాజేసింది ఊనా. రోజూ నివురు కప్పేది.

"పిడకలకి కూడా దుప్పటి కప్పుతావేంటక్కా!" అని నవ్వేవాడు మాలకీ.

"నీకు కప్పితే తన్నేస్తావు. ఇది తన్నదు" అనేది ఊనా.

ఆరేళ్ళు ఆ పొయ్యి ఆరలేదు. ఏడో ఏడు మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. ఊనాది తప్ప అందరి పొయ్యిలూ చల్లారిపోయాయి. నాలుగో రోజు పొద్దున, చంకలో పసిగుడ్డుతో హసింతా వచ్చింది. ఆ దేశపు పిల్లే, గుర్రాలు కాసేవాడి పెళ్ళాం. "కాస్త నిప్పు ఇస్తావా అక్కా?" అంది.

"అక్కా, ఇవాళ మే ఒకటి!" అన్నాడు మాలకీ గాభరాగా.

ఊనా చెయ్యి ఆగింది. ఆరేళ్ళ కష్టం ఆ పొయ్యిలో ఉంది. అప్పుడు ఆమెకి మూసిన తలుపు గుర్తొచ్చింది.

"పసివాడు చలికి వణుకుతుంటే తారీకు చూస్తానా?" అని కుండ నిండా నిప్పులు పోసింది. ఆ తర్వాత ముసలి గొర్రెలకాపరి వచ్చాడు, ఇచ్చింది. ఆ తర్వాత ఒక ఐరిష్ విధవరాలు వచ్చింది. ఆచారం తెలిసిన మనిషి, నోరు తెరిచి అడగలేక గడప బయటే నిలబడింది. ఆమెని చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి మరీ ఇచ్చింది.

మర్నాడు కాలవ తెగింది. ఇంట్లోకి నీళ్ళొచ్చి పొయ్యి ఆరిపోయింది.

"చెప్పానా?" అన్నాడు మాలకీ. ఊనా పార అందుకుంది. బురద ఎత్తిపోసింది.

మధ్యాహ్నానికి ముందు హసింతా వచ్చింది, తర్వాత కాపరి, తర్వాత విధవరాలు. ముగ్గురి చేతుల్లోనూ నిప్పుల కుండలే. "నీదే కదక్కా" అంది హసింతా.

"చూశావురా? నా భాగ్యం మూడిళ్ళు తిరిగి వచ్చింది" అంది ఊనా తలెత్తి.

అప్పుడు జరిగిందంతా పెగ్ అవ్వకి ఉత్తరం రాసింది. ఏడాది దాటాక జవాబొచ్చింది. అవ్వ చెప్తుంటే పాదిరీ రాశాడు: "మీ నిప్పు నా పొయ్యిలో ఇంకా ఆరలేదే ఊనా. ఈ ఏడు ఆ రోజున తలుపు బార్లా తీసి కూర్చున్నా. అడిగినవాళ్ళందరికీ ఇచ్చా. మీ అమ్మ ఇంటిదని చెప్పి ఇచ్చా."

ఊనా ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. తర్వాత మాలకీ చేత పొయ్యి పైనున్న దూలం మీద అవ్వ తలుపు తీసిన తారీకు చెక్కించింది: 1857 మే 1.

నిప్పేమో పొయ్యిలోకి,
నివురేమో నిప్పు మీదికి,
కథేమో కంచి దారికి,
నువ్వేమో నిద్రలోకి.