అప్పలకొండ పొయ్యి

కుస్తీ నేర్పే వస్తాదు నూకరాజుగారికి ప్రశ్నలంటే ఒళ్లు మంట. తాలింఖానాలో దెబ్బ తగిలిందని ఎవరైనా ఏడిస్తే ఓర్చుకుంటారు గాని, సందేహం వచ్చిందంటే పళ్లు నూరతారు. ఊళ్లో సందేహాలకు కొరత లేదు గనక ఆ పళ్లు అప్పటికే సగం అరిగాయి.

ఒకనాడు శిష్యుడు గవరేసు వచ్చాడు. పెళ్లయి చాన్నాళ్లయినా బిడ్డ లేదు. ఆ బెంగ అతనికి ఎంత ఉందో వీధికి అంతకు రెట్టింపు ఉంది. పైగా ఈమధ్య ఊరికే అలసిపోతున్నాడు. పట్నంలో జిమ్ము నడిపే స్నేహితుడొకడు టెస్టోస్టిరాన్ సూదిమందు చేతిలో పెట్టాడు.

"మగతనం సీసాలో దొరుకుతుంటే వేయించుకోడానికేం గురువుగారూ? బిడ్డ కూడా తొందరగా పుడుతుందట!"

"పరీక్ష చేయించావా?"

"నన్ను చూస్తే తెలియడం లేదూ? మళ్లీ పరీక్షెందుకు?"

నూకరాజుగారు నుదురు కొట్టుకున్నారు. "కొన్నాళ్లు ఆగి చావు" అని, మర్నాటి నుంచి తాలింఖానాకు బజారు మెస్సు క్యారియరు తెప్పించారు.

వంటమనిషి అప్పలకొండ మొదట రుసరుసలాడింది. తరువాత గరిటె కడిగి బోర్లించింది. ఆపైన చాప పరిచింది. ఆ రోజుల్లో తాలింఖానాలో ఒళ్లు చేసింది ఆవిడొక్కతే.

ఒక ఆదివారం గురువుగారు చడీచప్పుడు లేకుండా క్యారియరు మాన్పించి, "మీ మామగారిని ఇక్కడికి భోజనానికి పిలవరా" అన్నారు. ఆ మామగారి ఆకలికి నాలుగూళ్లలో పేరుంది. ఆయన వచ్చి విస్తరి ముందు కూర్చున్నారు. వంటింట్లో బూడిద, చెమ్మగిల్లిన కట్టెలు.

"పొయ్యి వెలిగించలేదేం?" అని గవరేసు అరిచాడు.

"రోజూ బజారు నుంచి వచ్చిపడుతుంటే నేనెందుకు పొగలో ఏడవాలి బాబూ? ఇవాళ రాదని నాకు కలొచ్చిందా?"

గవరేసు గొట్టం పట్టి ఊదాడు. కళ్లు ఎర్రబడ్డాయి గాని నిప్పు ఎర్రబడలేదు. మామగారు ఖాళీ విస్తరినీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసి, "మా అల్లుడి దగ్గర ఏదీ వేళకు రాదు" అన్నారు.

గవరేసు గురువుగారి మీద విరుచుకుపడ్డాడు. "క్యారియరు తెప్పించి ఆవిణ్ణి చెడగొట్టింది మీరే కదండీ!"

"అమ్మయ్య, ఇప్పటికి బుర్రకెక్కింది. ఆవిడకు టైఫాయిడ్ వచ్చినప్పుడూ క్యారియరే తెప్పించాను. అప్పుడది అవసరం. నీ సూదిమందూ అలాంటి క్యారియరే, ఊరికే వచ్చిపడుతుంటే ఒంట్లో మగతనం వండే వంటమనిషీ పొయ్యి ఆర్పి పడుకుంటుంది. నీ ఒంట్లో వంటమనిషికి నిజంగా జబ్బు చేసిందో లేదో, పొద్దున పూట నెత్తురు తీయించి చూపించు. ఒకసారి కాదు, రెండుసార్లు. క్యారియరు కావాలో వద్దో డాక్టరు చెబుతాడు. కావాలంటే మధ్యమధ్య నెత్తురు చూస్తూ ఆయనే కనిపెట్టుకుంటాడు."

గవరేసు జేబులోంచి సీసా తీసి గూట్లో పెట్టాడు. "మరి బిడ్డ సంగతో?"

గురువుగారు విసుగ్గా చల్లారిన పొయ్యి వైపు చెయ్యి చూపించారు.

"విత్తనం వండేదీ ఆ వంటమనిషేరా."