కాలేయం దాచుకున్నది

హుస్నా మీద అనుమానం ఎప్పుడు మొదలైందో జకరయ్యకే తెలియదు.

ఆచార్య మాణిక్యాంబ గారి దగ్గర పరిశోధన చేస్తున్నది వాళ్ళిద్దరే. అమోనియా కలిపిన ద్రవాన్ని సన్నటి గొట్టంతో ఎలుక ఒంట్లోంచి తీసిన కాలేయంలోకి పంపి, అవతలికి వచ్చినదాంట్లో యూరియా ఎంతుందో కొలవడం జకరయ్య పని. ఆ ద్రవం కలిపి ఇచ్చేది హుస్నా. విషమైన అమోనియాను కాలేయం యూరియాగా మార్చేస్తుంది. మామూలు ద్రవంతో అలాగే జరిగేది. ప్రయోగంలో భాగంగా ఆమ్లం ఎక్కువ కలిపిన ద్రవం పెట్టినప్పుడల్లా యూరియా పడిపోయేది.

కావాలనే చెడగొడుతోంది, అనుకున్నాడు. తను గదిలోకి రాగానే ఆమె ఫోను పెట్టేయడం కూడా తప్పుగానే తోచింది. ఆమె వెళ్ళాక చెత్తబుట్ట కెలికాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది.

చివరికి మాణిక్యాంబ గారితో అనేశాడు: "ఆమైనా ఉండాలి, నేనైనా ఉండాలి మేడమ్."

ఆవిడ కొంగు నడుముకు దోపుకుని లేచారు. హుస్నాను లైబ్రరీకి పంపేసి, ఆమ్లద్రవాన్ని అతని కళ్ళముందే తన చేతులతో కలిపారు.

యూరియా మళ్ళీ పడిపోయింది.

మాణిక్యాంబ గారు రెండు అరచేతులూ అతని ముందు చాపారు. "చూసుకో. నన్నూ అనుమానించు."

జకరయ్య కాలేయం వైపు చూశాడు. "అయితే... కాలేయమే చచ్చిపోతోందేమో మేడమ్."

"ఇప్పుడు దాని మీద పడ్డావా? చచ్చిపోతే అమోనియా అలాగే బయటికి రావాలిగా. వచ్చిందా?"

కొలిచి చూశాడు. "లేదండీ. కొంచెమే వచ్చింది. మిగతాది ఎటు పోయిందో..."

"గ్లుటమిన్ కొలువు. అదీ అమోనియాతోనే తయారయ్యేది."

గ్లుటమిన్ బాగా పెరిగి ఉంది. కాలేయంలో ముందు వరస కణాలు వదిలేసిన అమోనియాను చివరి వరస కణాలు పట్టుకుని గ్లుటమిన్‌గా మార్చాయన్నమాట. ఒంట్లో అయితే ఇది మూత్రపిండాలకు చేరుతుంది. అవి అమోనియాతోపాటు ఆమ్లాన్నీ బయటికి పంపేస్తాయి.

"యూరియా చెయ్యడానికి కాలేయం ఏం ఖర్చుపెడుతుంది?" అన్నారావిడ.

"బైకార్బనేట్..." అంటూ ఆగిపోయాడు. ఆమ్లాన్ని విరిచేది అదే. ఆమ్లం పెరిగితే కరువయ్యేదీ అదే. "దాచుకుంటోంది మేడమ్! చెడిపోలేదు. హుస్నాను పిలుచుకొచ్చి చెప్పనా?"

మాణిక్యాంబ గారు పంపు కింద సీసాలు కడుగుతున్నారు. తల తిప్పలేదు.

"కాలేయాన్ని రెండో ప్రశ్న కూడా అడిగావు. ఆ అమ్మాయిని మొదటిదైనా అడిగావా?"

గబగబా తలుపు దాకా వెళ్ళినవాడు గడప మీదే నిలబడిపోయాడు.